మూయని విండోలో మిగిలిన కమాండ్

నాయిన పడుచు వయసులో వేసిన నెమలి డిజైన్ అట్టలు మా భవాని పేట్ ఇంట్లో అటక మీద ఉండేవి. జకార్డ్ మగ్గానికి ఏ పోగు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు. చెదలు పట్టాయని తెలిసి, పొడైపోయేలోపు అన్నిటినీ ఫొటోలు తీశాను. ఆ చిల్లులను చదివి బొమ్మగా మార్చడానికి కంప్యూటర్‌లో ఒక పొడవాటి కమాండ్ రాయాలి. దాని అంకెలు కుదరడానికి ఎనిమిది రోజులు పట్టింది. కుదిరిన సాయంత్రం డిజైన్‌లో ఒక ముక్క పెట్టి చూస్తే నెమలి మెడ స్పష్టంగా వచ్చింది. ఆ సంతోషంలో కమాండ్ ఎక్కడా రాసుకోలేదు.

మర్నాడు పొద్దున కమాండ్లు కొట్టే కొత్త విండో తెరిచి పైబాణం నొక్కాను. పాత కమాండ్లు వచ్చాయి, అన్నీ కుదరనివే. నిన్నటిది లేదు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు నాయిన, గుమ్మంలోంచి.

"నిన్న రాసింది కనబడ్తలేదు నాయినా."

"మల్ల రాయరాదు?"

"అంకెలు యాదికి లేవు."

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. హోట్గి రోడ్‌లో ఉండే నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమెది కంప్యూటర్ల పనే.

"ఘాబరా కాకే. విండో మూస్తెనే అండ్ల కొట్టినయి ఫైల్ల పడ్తయి. అప్పటిదాంక దాని లోపట్నే ఉంటయి. కొత్త విండో ఆ ఫైల్‌నే సదువుకుంటది. నిన్నటి విండో మూసినవా?"

మూసినట్టు గుర్తు లేదు. వెతుకుతుండగానే గల్లీలో మగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కరెంటు పోయింది. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది, రెండు నిమిషాలు ఆగితే గొప్ప.

ఫొటోల వెనకాల నిన్నటి విండో కనిపించింది. పైబాణం నొక్కాను. ఉంది!

"history -a అని కొట్టు, మూయకున్నా ఫైల్ల రాస్తది. ఎనక sync కొట్టు, డిస్క్ మీద పడ్తది," అంది స్నేహితురాలు ఫోన్‌లో.

రెండూ కొట్టాను. తెర మీద ఒక్క మాట రాలేదు.

"ఏం జవాబు వస్తలేదే!"

"రాదు. సప్పుడు చెయ్యకుంటె పనైనట్టే."

పెన్ను కోసం చెయ్యి చాపేలోపు తెర ఆరిపోయింది.

కరెంటు మధ్యాహ్నానికి గానీ రాలేదు. రాగానే కంప్యూటర్ ఆన్ చేసి, విండో తెరిచి పైబాణం నొక్కాను. ముందు history -a వచ్చింది. మళ్లీ నొక్కితే నా పొడవాటి కమాండ్, అంకెలతో సహా. నోట్‌బుక్‌లో రెండుసార్లు రాసుకున్నాకే ఎంటర్ కొట్టాను.

బొమ్మ మొత్తం వచ్చింది. నాయిన కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి జరిగాడు. తోక మీద ఒకచోట వేలు ఆగింది.

"ఈడ ఒక కన్ను తక్కువున్నది."

నాకు మళ్లీ భయం వేసింది. "కమాండ్ తప్పయిందా నాయినా?"

"కాదు బిడ్డా," అని నవ్వాడు. "గప్పుడు నేనే ఆ కంటి చిల్లులు కొట్టుడు మర్చిన. ఇన్నేండ్ల సంది ఎవ్వలికీ చెప్పలే."