ఒక్క బిళ్ళ తక్కువైతే చాలు

నాణేలు పోగేసేవాడు ఎవడైనా తన దాంట్లోంచి ఒక్క బిళ్ళ కూడా పోకూడదని కోరుకుంటాడు. ఒక ఆదివారం పొద్దున నేను కరీంనగర్‌లో పిల్లల ఆసుపత్రి వరండాలో నిలబడి, నా డబ్బాలో ఒక్క బిళ్ళ తక్కువైతే చాలు దేవుడా అని మొక్కుకున్నాను.

మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. సెలవుకు వచ్చినప్పుడు నోట్లైతే మార్చుకుంటారు గాని, బిళ్ళల్ని ఏ దుకాణమూ తీసుకోదు. అవి ప్యాంటు జేబుల్లోంచి, సూట్‌కేసు మూలల్లోంచి రాలి, ఇళ్ళల్లో ఏ గిన్నెలోనో గూట్లోనో పడి ఉంటాయి. నేను వాటిని అడిగి తెచ్చుకుంటాను. ఊళ్ళో నన్ను చిల్లర మనిషి అని ఆట పట్టిస్తారు. అననీ. ఓడ బొమ్మ ఉంటే కువైట్, వంకర బాకు ఉంటే ఒమాన్, కూజా ఉంటే ఎమిరేట్స్ అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. నేను పని చేసేది ఆసిఫాబాద్‌లో. అక్కడ నా పక్క గదిలో ఉండే ఆయన ఉర్దూ అంకెలు నేర్పాడు కాబట్టి అరబ్బు బిళ్ళల మీద సంవత్సరాలు కూడా చదివేస్తాను. అప్పటికీ తేలకపోతే చిన్న కాటా మీద పెట్టి తూస్తాను. బరువును బట్టి చాలావరకు తేలిపోతుంది.

ఈ పిచ్చికి తోడు నాకు కోపం కూడా ఎక్కువే. వారం వారం కొండగట్టు కింద ఉన్న మా ఊరికి వచ్చేవాణ్ణి. రాగానే చెప్పులు విడవకముందే డబ్బా చూసుకునేవాణ్ణి. ఒకసారి మంచం దులుపుతూ నా భార్య దాన్ని పక్కకు జరిపిందని ఆ పూట అన్నం తినలేదు. ఆసిఫాబాద్ నుంచి ఫోన్ చేసినా, అవ్వను, అంటే మా అమ్మను, ఎట్లున్నవు అని అడిగి రెండో మాటగా డబ్బా సంగతే అడిగేవాణ్ణి.

ఆ పొద్దున మంచం మీద డబ్బా తెరిచి కూర్చున్నాను. రెండు లోహాల బిళ్ళలు, అంటే చుట్టూ ఒక రంగు, నడుమ ఇంకో రంగు ఉండేవి, అన్నీ దాంట్లోనే ఉంటాయి. కాటా వెలగడం లేదని దాని బ్యాటరీ మార్చాను. పాతది రూపాయి బిళ్ళంత గుండ్రటిది. ఇంతలో వాకిట్లో ఎవరో పిలిచారు. మాట్లాడి లోపలికి వచ్చేసరికి మా పాప మంచం పక్కన నిలబడి ఉంది. ఇంకా రెండేళ్ళు నిండలేదు. నోరు తెరిచి ఉంది, చొంగ గదవ మీదికి కారుతోంది, గొంతులో గరగరమంటోంది. ఏడుద్దామంటే ఏడుపు రావడం లేదు.

నా భార్య కేక విని అవ్వ పరుగెత్తుకొచ్చింది. పాపను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. ఏమీ రాలేదు. ఇక అరటిపండు పిసికి నోట్లో పెట్టింది, దాని మీద పెరుగన్నం ముద్దలు. మా ఇళ్ళల్లో బిళ్ళ మింగిన పిల్లకు ఎవరైనా చేసే వైద్యం అదే. మెత్తటి తిండి పైన పడితే బిళ్ళ కిందికి జారుతుందని నమ్మకం. చిన్నప్పుడు నేను పావలా మింగితే ఇట్లనే చేసిందట, తెల్లారి పడిపోయిందట. పాప సగం మింగి, సగం నా చొక్కా మీద కక్కింది. చొక్కా విప్పి పడేసి, ఇంకోటి తొడుక్కుని, పక్కింటివాళ్ళ కారులో బయలుదేరాం. మింగలేక కక్కలేక అని సామెత ఊరికే వాడుతుంటాం. దారి పొడుగునా నా భార్య ఒళ్ళో దాన్ని కళ్ళారా చూశాను.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. తెర మీద పాప గొంతు కింద తెల్లటి గుండ్రటి మచ్చ, దాని లోపల అంచు వెంబడి ఇంకో గీత. పక్క నుంచి కూడా తీయబోయారు గాని పాప గింజుకోవడంతో అది అలుక్కుపోయింది. బొమ్మ చూసి దేశం చెప్పేవాణ్ణి, అక్కడ రాజు లేడు, ఓడ లేదు, అంకె లేదు. ఎంత చూసినా తెల్లటి మచ్చే.

డాక్టరు నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. ఇట్లా రెండు వరుసలు కనబడితే ముందుగా బ్యాటరీనే అనుమానించాలి. రెండు లోహాల బిళ్ళ అయినా ఇట్లాగే కనబడవచ్చు. బిళ్ళయితే భయం లేదు, కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగి, మత్తిచ్చి తీస్తాం. బ్యాటరీ అయితే ఆగడానికి లేదు, నిమిష నిమిషానికీ ఆహారనాళం కాలిపోతూ ఉంటుంది. కాని పాప కడుపు నిండా అన్నం, అరటిపండు ఉన్నాయి. ఇప్పుడే మత్తిస్తే అవి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఇంతా చెప్పి నా మొహంలోకి చూశాడు.

"ఇంట్లో ఏది పోయిందో మీరే చెప్పాలి. తొందరగా చెప్పండి."

పాత బ్యాటరీ ఎక్కడ పెట్టానో ఎంతకీ గుర్తుకు రాలేదు. మంచం మీదనా? కిటికీలోనా? ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూశాను. నా భార్య పాపను భుజాన వేసుకుని నన్నే చూస్తోంది. నన్ను తిట్టినా బాగుండేది.

వరండాలోకి వచ్చి అవ్వకు ఫోన్ చేశాను. ఆమెది నొక్కే ఫోన్, బొమ్మ కనబడదు. అవ్వకు చదువు రాదు. మంచం మీద, కింద గుండ్రటి బ్యాటరీ ఏమైనా ఉందేమో చూడమన్నాను. వెతికి, ఏం లేదంది. ఇక మిగిలింది డబ్బా ఒక్కటే, దాంట్లో ఒకటి తక్కువైతే పాప మింగింది బిళ్ళే. డబ్బా ముందేసుకో, నేను అడిగింది ఉందో లేదో చెప్పు అన్నాను. ఎందుకడుగుతున్నానో చెప్పే ఓపిక నాకు లేదు. గుడి గోపురం ఉన్నది ఉందా అన్నాను, అది థాయిలాండ్‌ది. ఉన్నదిరా అంది. మనిషి తలకాయ ఉన్నది? అది టర్కీది. ఉన్నదంది. బిళ్ళలు గలగలమనడం ఫోన్‌లో వినబడుతోంది. ఆమె ఉన్నదన్నకొద్దీ బ్యాటరీయే అని తేలుతోంది. లేదని ఒక్కసారి అనవే అవ్వా అని లోపల ఏడుస్తూ, పైకి మాత్రం అరుస్తున్నాను. మందులు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు తిరిగి చూస్తున్నారు.

చివరికి మిగిలింది బెహ్రయిన్ బిళ్ళ. చుట్టూ పసుపు, నడుమ తెలుపు, తెలుపు మీద డాలు బొమ్మ. సరిగ్గా ఎక్స్‌రేలో ఉన్నంత ఉంటుంది. నా ఆశంతా దాని మీదే. అది ఉందా అని అడిగాను. అవ్వ బిళ్ళల్ని మళ్ళీ మళ్ళీ కెలుకుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఉన్నదంది.

"చూసే చెప్తున్నవా, ఊకెనే అంటున్నవా?" అని గట్టిగా అరిచాను.

"చూసే చెప్తున్న కొడుకా. అన్ని ఉన్నయి, ఒక్కటి గూడ పోలే. నువ్వు ఫికర్ వెట్టుకోకు."

లోపలికి పోయి, బిళ్ళ కాదు, బ్యాటరీయే అని డాక్టరుకు చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. ఆయన ఇక ఆగలేదు. సంతకం చేయమన్నారు, చేశాను. పాపను లోపలికి తీసుకుపోతుంటే నా భార్య కొంగు దాని పిడికిట్లో ఉండిపోయింది. నర్సు వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది.

తలుపు బయట నేను దేవుణ్ణి ఏమి అడగాలో కూడా తెలియలేదు. బ్యాటరీ త్వరగా రావాలని అడగాలా, కడుపులో అన్నం పైకి రాకూడదని అడగాలా? నా భార్య కొండగట్టు అంజన్నకు ముడుపు కడతానని మెల్లగా మొక్కుకుంటోంది. నేను గోడకు తల ఆనించి ఏడ్చాను. సిగ్గు అనిపించలేదు.

డాక్టరు బయటికి వచ్చి చెయ్యి చాపాడు. చేతిలో గాజుగుడ్డ, దాని మీద బెహ్రయిన్ బిళ్ళ. పసుపు అంచు, తెల్లటి నడుమ, డాలు. కనీసం మచ్చ కూడా పడలేదు. బిళ్ళ వచ్చిందన్న సంతోషం నాకు అర నిమిషం కూడా దక్కలేదు. మత్తులో పాప కక్కుకుందని, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందని, మిషన్ మీద పెట్టామని ఆయన చెప్పాడు. తప్పెవరిదని ఆయన అనలేదు. ఆగి ఉంటే అని కూడా అనలేదు.

ఆ తర్వాతి రోజులు నాకు వరుసగా గుర్తు లేవు. అద్దంలోంచి చూస్తే పాప ఛాతీ దానంతటది కాకుండా మిషన్ లేపితే లేచేది. దానికి జ్వరం ఎక్కేది, దిగేది. డాక్టరు మొహం చూసి ఆ పూట ఎట్లా ఉందో పోల్చుకునేవాళ్ళం. చెల్లని బిళ్ళల పిచ్చికి కన్నబిడ్డను బలి పెట్టానా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. నా భార్య అన్నం ముట్టలేదు. నేను టీ తాగబోయి, కప్పు పట్టుకుని కూర్చుండిపోయేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం గొట్టం తీశారు. పాప ఏడ్చింది. గొంతు రాచుకుపోయి శబ్దం రాలేదు, కన్నీళ్ళు మాత్రం వచ్చాయి. మేమిద్దరం అప్పుడు కూడా ఏడ్చాం.

ఇంటికి వచ్చాక, విప్పి పడేసిన చొక్కా జేబులో పాత బ్యాటరీ దొరికింది. అది చూడగానే ఇన్ని రోజులు అణచుకున్న కోపం ఒక్కసారిగా పైకి వచ్చింది. అవ్వ వాకిట్లో పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆ బిళ్ళ కనబడకపోయినా ఉన్నదని ఎందుకు అన్నవు అని అడిగాను. అరవకుండా అడగడానికి చాలా కష్టపడ్డాను.

అవ్వ నా మొహం చూడలేదు. పాప నెత్తి మీద చెయ్యి పెట్టుకునే చెప్పింది.

"నువ్వు ఎప్పుడు ఫోన్ జేసినా గా డబ్బ ముచ్చటనే అడుగుతవు గదా. గా దినం గూడ గదే రంది అనుకున్న. పిల్ల గట్లున్నప్పుడు బిళ్ళ పోయిందని చెప్తే మళ్ళ కోడల్ని తిడ్తవని ఉన్నదన్న. లేకుంటెనే మంచిదని నాకు ఒక్క మాట జెప్తే, లేదనే అందును గద కొడుకా."