ఏడో తరగతి గదిలో గుడారం

ఆ చలికాలం మొదట్లో మా బడిలో ఒక కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి తరగతీ ఒక పిల్లల నవల చదవాలి. చదివి ఊరుకోకుండా దాని మీద ప్రాజెక్టులు చేయాలి. ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచి అవి చూపించాలి. నేను శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి తెలుగు చెబుతాను. ఆ తరగతికి క్లాస్ టీచర్ కూడా నేనే. మా వంతుకు ఎడారిలో జరిగే నవల వచ్చింది. ఒక ఊరి బావి ఎండిపోతుంది. ఒక పిల్లా, వాళ్లమ్మా, ఒక ముసలి ఒంటె కలిసి ఇంకో బావిని వెతుక్కుంటూ బయల్దేరతారు. కథ అంతే.

చదువుతున్నంతసేపూ నాకు బాగానే ఉంది. ప్రాజెక్టులు అనేసరికి ప్రాణం ఉసూరుమంది. మా ఇల్లు అత్వెల్లిలో. పొద్దున్నే వంట ముగించి, దూలపల్లిలో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో రాత్రి షిఫ్టు చేసి వచ్చే మా ఆయనకు టిఫిన్ మూతపెట్టి, మేడ్చల్ చేరి, అక్కడ శామీర్‌పేట ఆటో నిండేదాకా కూర్చుని, బడికి చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. తరగతిలో కుర్చీ ఉంటుంది. కానీ కూర్చుంటే ఆఫీసులో చూసే కెమెరాలో కనబడుతుంది, మాట పడాలి. అందుకని సాయంత్రం దాకా నిలబడే ఉంటాం. ఇంటికెళ్లాక చెప్పులు విప్పితే పాదాలు నావి కానట్టుగా ఉంటాయి.

మొదట ప్రాజెక్టులు ఇంట్లో చేసుకు రమ్మన్నాను. అది తేలిక అనుకున్నాను. సోమవారం వచ్చిన ఎడారులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. థర్మోకోల్ అట్ట, పసుపు రంగు, ప్లాస్టిక్ ఒంటె, ఒక ఈత చెట్టు, వెనకాల పిరమిడ్లు. నవలలో పిరమిడ్లు లేవు. పిల్లల్ని అడిగితే "మా మమ్మీ పెట్టింది టీచర్" అన్నారు. నేను మార్కులు వేయకుండా ఊరుకుంటే మర్నాడే ఒకావిడ వచ్చింది. కొత్త కాలనీలో ఉండే కోస్తావాళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు.

"ఏంటండీ మేడం, మా వాడి ఎడారికి మార్కులే వేయలేదంట? ఆఫీసు నుంచి వచ్చి, వంట కూడా మానేసి కూర్చుని చేశామండీ నేనూ, మా వారూ" అందామె. కళ్లకింద నల్లటి చారలు. ఆమె కూడా నాలాగే అలసిపోయి ఉంది.

"చాలా బాగుందండీ. కానీ బాబు ఏం చేశాడు?" అన్నాను.

"వాడు గమ్ము పట్టుకున్నాడండీ" అంది. తర్వాత ఇద్దరం నవ్వేశాం. నవ్వు తగ్గాక ఆమె నెమ్మదిగా అంది: "ఇంటికి ఇవ్వకండి మేడం, మీకు పుణ్యముంటుంది. చేసేదేదో ఇక్కడే చేయించండి."

అప్పుడే నిర్ణయించుకున్నాను. ఇక ఎవరూ ఇంటినుంచి ఏమీ చేసుకు రానక్కర్లేదు. అందరం కలిసి తరగతిలోనే చేద్దాం.

ముందు ఇసుక. పిల్లలే డబ్బాలతో, సంచులతో తెచ్చారు. మా చుట్టుపక్కల ఎక్కడ చూసినా ఇళ్లు కడుతున్నారు గానీ అసలైన ఇసుక ఎక్కడా లేదు. ఉన్నదంతా రాయి పిండి చేసిన రోబో శాండే. నేల మీద పోస్తే మా ఎడారి బూడిద రంగులో, సిమెంటు గోదాములా కనిపించింది. ఎవరో పసుపు కలుపుదాం అన్నారు. కలిపాం. ఇసుక పచ్చబడింది. దాంతోపాటు తెల్ల యూనిఫాంలూ, బెంచీలూ, నా చీర కుచ్చిళ్లూ పచ్చబడ్డాయి. ఆ వారమంతా తల్లుల ఫోన్లు ఎత్తడమే నా పని అయింది.

ఇసుక అయ్యాక గుడారం. అందులో కూర్చుని నవల చదివి వినిపించాలని పిల్లల కోరిక. తలా ఒక పాత బట్ట తెమ్మన్నాను. కిటికీ ఊచల నుంచి ఎదుటి గోడ మేకులకు తాళ్లు కట్టి, చీరలూ, దుప్పట్లూ పెద్ద పెద్ద కుట్లతో కలిపి పైన వేశాం. సూదిలో దారం ఎక్కించడం రాని పిల్లలు ఎందరో ఆ రోజే తెలిసింది. మగపిల్లలే తొందరగా నేర్చుకున్నారు. అన్నీ పలచటి బట్టలు. మధ్యలో ఒక్కటి మాత్రం బరువైనది ఉంది. పాత చీరలు పొరలుపొరలుగా పేర్చి చేత్తో కుట్టిన బొంత. దాన్ని లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చే అమ్మాయి తెచ్చింది. తరగతిలో పెద్దగా మాట్లాడని పిల్ల. వాళ్లమ్మా నాన్నా ఇద్దరూ పనులకు పోతారు. పిల్లను చూసుకునేది నానమ్మ. వాళ్లింట్లో అవ్వ అంటారు.

"ఇంత మంచి బొంత ఎందుకు తెచ్చినవ్?" అని అడిగాను.

"ఎడారిల రాత్రి పూట మస్తు సలి ఉంటదంట టీచర్. పుస్తకంల ఉంది గదా" అంది.

గుడారానికి నడినెత్తిన బొంత కుట్టాం. దాని బరువుకు మధ్యలో కొంచెం కిందికి దిగినా, లోపల నిజంగానే వెచ్చగా ఉండేది. మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అందులో కూర్చుని చదువుతుంటే తలుపు దగ్గర ఒక ముసలావిడ వచ్చి నిలబడింది. వెనకాల వాచ్‌మన్. ఆమె ఆయాసపడుతోంది. చేతిలో కర్ర, భుజాన చిన్న సంచి.

"ఏడో తరగతి గిదేనా బిడ్డా? నా బొంత గీడ ఉన్నదంట" అంది.

గుడారంలోంచి ఆ అమ్మాయి తల బయటికి పెట్టి, చూసి, మళ్లీ లోపలికి లాక్కుంది.

"రా అవ్వా, ఇట్ల గూసో. ఒక్కదానివే వచ్చినవా?" అన్నాను.

"ఇంకెవలొస్తరు? అందరు పనికి వొయ్యిండ్రు. రాత్రంత నిద్ర వట్టలే. బండలు సల్లగ గొట్టినయ్, మోకాళ్లు వట్టుకున్నయ్. పొద్దుగాల బొంత ఏదే అంటె, ఇస్కూల్ల ఇచ్చిన అంటది గీ పోరి. ఇస్కూల్ల బొంతెందుకు బిడ్డా? మీకు మంచాలున్నయా?"

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పుస్తకంలో పిల్లకు చలేస్తుందని మనవరాలు బొంత తెచ్చేస్తే, ఇంట్లో అవ్వ వణికింది. మోకాళ్లు పట్టుకుపోయినా ఆటో ఎక్కి ఇంత దూరం వచ్చింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టబోయాను. కుర్చీ వద్దంది. "కిందనే మంచిగుంటది" అని గుడారం వైపు చూసింది. "గిదేంది, డేరానా?"

పిల్లలు ఆమెను చేయి పట్టి లోపలికి తీసుకెళ్లారు. చెప్పులు బయట విడిచి, పసుపు కలిపిన ఇసుక మీద చాప పరుచుకుని కూర్చుంది. తలెత్తి తన బొంత చూసుకుంది. కుట్లు చేత్తో తడిమి "ఎవలు కుట్టిండ్రు? గింత దూరం దూరం కుడితె ఆగుతదా?" అంది. ఆ కుట్టు వేసిన పిల్లాడు పక్కవాడి వెనక దాక్కున్నాడు.

నీళ్లు తాగాక కథేమిటని అడిగింది. పిల్లలు ఒకరి మాట ఒకరు అందుకుని చెప్పారు. ఎన్నాళ్ల నుంచో నేను పాఠాలు చెబుతున్నాను గానీ వీళ్లు ఒక కథను అంత సొంతంగా చెప్పడం నేను వినలేదు. ఎప్పుడూ మాట్లాడని ఆ అమ్మాయే ఎక్కువ చెప్పింది. ఇసుక తుఫాను వచ్చినచోట పిల్లలంతా నోటితో గాలి చప్పుడు చేశారు.

"మరి గా పోరి నాయిన ఏడ వొయ్యిండు?"

"నాయిన లేడు అవ్వా, కథల చెప్పలే."

"చెప్పకుంటె ఎట్ల?"

పిల్లలు కథను ముందుకు లాగారు. చివరికి బావి దొరికిందని, తల్లీకూతుళ్లు నీళ్లు తాగి, ఒంటెకు పెట్టి, ఒక తోలుసంచి నింపుకుని ఊరివైపు నడిచారని చెప్పి ముగించారు.

"గంత దూరం నడిచింది గొక్క సంచి నీళ్లకా?" అని ముసలావిడ గోడకు చేరగిలబడింది. "పాపం, ఎంత అల్సిపోయిందో తల్లి."

కాసేపటికి చూస్తే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. కర్ర ఒళ్లోనే ఉంది. పిల్లలు నావైపు చూశారు. నేను పెదవుల మీద వేలు పెట్టుకున్నాను. గంట కొట్టింది. లెక్కల సారు తలుపు దాకా వచ్చారు. సంగతి చూశారు. బోర్డు దగ్గరికి పోకుండా పిల్లల్ని నేల మీదే కూర్చోబెట్టి గుసగుసగా లెక్కలు చేయించారు. నాకు ఆ పీరియడ్ ఖాళీ. స్టాఫ్‌రూమ్‌కు వెళ్లాల్సింది. వెళ్లలేదు. గుడారం పక్కన నేల మీద కూర్చుని కాళ్లు చాచుకున్నాను. కెమెరా గుర్తొచ్చింది. చూస్తే చూడనీ అనుకున్నాను. చాలా రోజులకు బడిలో కూర్చున్నాను.

లేచాక ముసలావిడ సిగ్గుపడింది. "ఉండనియ్యి బిడ్డా, శనారం దాక ఉండనియ్యి. పోరగాండ్లు మురిసిపోతుండ్రు. నేను రెండు సద్దర్లు పరుసుకుంట" అంది.

నేను ఒప్పుకోలేదు. "వద్దవ్వా, సలికాలం. నువ్వు తీస్కపో."

పిల్లలు గోల చేశారు. గుడారం పాడవుతుందన్నారు. మనవరాలు మాత్రం పిన్నీసుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే విప్పి, బొంత మడతపెట్టి, అవ్వ భుజాన వేసి, గేటు దాకా వెళ్లి ఆటో ఎక్కించి వచ్చింది. వచ్చి నా దగ్గర నిలబడి, "రాత్రి నేను ఆమె పక్కలనే పండిన టీచర్. ఆమె వణుకుతాంటె నేను దుప్పటి గుంజుకున్న" అని ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకున్నాను. "ఇగ ఇయ్యాల్టి సంది సలి వెట్టది" అన్నాను.

గుడారం నెత్తిన పెద్ద కంత పడింది. మిగిలిన బట్టలను లాగి, దగ్గరగా కుట్టి, తాళ్లు దించి కట్టాం. దాంతో అది చిన్నదైపోయింది. ఎత్తు కూడా తగ్గింది. పిల్లలు పాకుతూ వెళ్లాల్సి వచ్చేది. వాళ్లకు అదే ఇంకా బాగా నచ్చింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారు చూడడానికి వచ్చారు. ఆయన వంగలేదు. బయటి నుంచే చూసి, "పాతబట్టలు మేడం. పేరెంట్స్ ఫొటోలు తీసుకుంటారు. కాస్త చూడ్డానికి బాగుండాలి కదా" అన్నారు. సాయంత్రానికి ఎడారి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ ఒకటి వచ్చింది. దాన్ని తలుపుకు ఎదురుగా కట్టించి, గుడారాన్ని గది మూలకు జరపమన్నారు. వాదించే ఓపిక నాకు లేదు. జరిపాం. తాళ్లు మళ్లీ కట్టేసరికి చివరి ఆటో దొరకదేమోనని భయమేసింది.

శనివారం తల్లిదండ్రులు ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. అది ప్రిన్సిపాల్ గారు అన్నట్టే జరిగింది. కానీ ఫొటోలయ్యాక పిల్లలు తమ తమ అమ్మల చేతులు పట్టుకుని మూలకు లాక్కుపోయారు. పట్టుచీరలు కట్టుకున్నవాళ్లూ, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినవాళ్లూ చెప్పులు విడిచి, మోకాళ్ల మీద వంగి లోపలికి దూరారు. లోపల పిల్లలు కథ చదివి వినిపించారు. గాలి చప్పుడు చేశారు. మార్కుల కోసం వచ్చినావిడ కూడా తన కొడుకు వెంట వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక జుట్టు సర్దుకుంటూ నాతో అంది: "చీకట్లో కూర్చుంటే ఎంత హాయిగా ఉందండీ. మా వాడు ఇంత బాగా చదువుతాడని నాకు తెలీదు. ఇంట్లో వినే తీరికెక్కడిది?"

బొంత తెచ్చిన అమ్మాయి తరఫున ఎవరూ రాలేదు. శనివారం కూడా వాళ్లమ్మానాన్నలకు డ్యూటీలు. ఆ పిల్ల దాని గురించి ఏమీ అనుకున్నట్టు లేదు. వచ్చినవాళ్లకు కథ మొదలుపెట్టి చెప్పే పని తనే తీసుకుంది. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. మంచినీళ్లు తాగమని ఇస్తే గుటకేసి మళ్లీ లోపలికి పోయింది.

అందరూ వెళ్లిపోయాక పిల్లలు కొందరు ఆగారు. కుట్లు విప్పి ఎవరి బట్ట వారికిచ్చాను. ఇసుక ఊడ్చి సంచుల్లో ఎత్తాం. ఎంత తుడిచినా నేల మీద పసుపు మరక పోలేదు. ఒక పాత ఆకుపచ్చ చీర మాత్రం మిగిలిపోయింది. సోమవారం తరగతిలో పైకెత్తి చూపించి అడిగాను. ఎవరూ నాది అనలేదు. అది ఇప్పటికీ స్టాఫ్‌రూమ్ బీరువాలోనే ఉంది. పరీక్షల రోజుల్లో పేపర్లు దిద్దీ దిద్దీ తల పగిలిపోతుంటే, మాలో ఎవరో ఒకరు దాన్ని మడతపెట్టి బల్లమీద వేసుకుని కాసేపు తల వాలుస్తారు.