చర్ల దారిలో నా ట్రైపాడ్, రాములు మోకాళ్ళు

ఈ ప్రయాణం పద్మ ఫోన్‌తో మొదలైంది. పద్మ నా డిగ్రీ స్నేహితురాలు, చర్ల అవతల ఒక ప్రభుత్వ దవాఖానాలో నర్సు. "మా ఆటో రాములు వాళ్ళమ్మకు ఒక్క ఫోటో కావాల్నట. ముగ్గురు కొడుకులు విత్తనాల పండుగకే ఒక్కకాడ కలుస్తరు. నువ్వు గంత పెద్ద కెమెరా కొన్నవ్ గద, రారాదూ" అంది. ఆ పెద్దావిడ చూపు రోజురోజుకూ తగ్గిపోతోంది. ఆపరేషన్‌తో లాభం లేదని పెద్ద దవాఖానాలో చెప్పేశారట. పూర్తిగా చీకటి కమ్మకముందే కొడుకుల్ని ఒక పటంలో చూసుకోవాలని ఆమె కోరిక. ఖమ్మంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఫోటోలు తీసే నాకు అంతకంటే మంచి పిలుపు ఎప్పుడూ రాలేదు.

ఆ ఫోటో కోసమే హైదరాబాద్ వెళ్ళి ట్రైపాడ్ కొన్నాను. ఆ స్టాండు మూడు కాళ్ళ సంగతి నాకు కొంత తెలుసు. పైన బిగించే బాల్ హెడ్ గురించే అనుమానం. గిన్నెలో గుండులా తిరిగే ఆ భాగాన్ని కెమెరాతో సహా ఎటైనా వంచి, ఒక్క మరతో బిగించేయవచ్చు. బిగించాక కదలకూడదు, దాని పని అంతే. నా కెమెరా పెట్టి చూస్తానంటే షాపతను సీలు విప్పనివ్వలేదు. "ఐదు కిలోలు ఆపుతుంది మేడం. లేడీస్‌కి లైట్ వెయిటే బెటర్" అని నవ్వాడు. ఆ మాటకే ఒళ్ళు మండింది. కానీ సాయంత్రం బస్సుకు టైమవుతోంది, పక్క షాపులు మూసి ఉన్నాయి. అతను ఉచితమంటూ పొడుగాటి ఆకుపచ్చ సంచి ఒకటి తగిలించి ఇచ్చాడు.

పండుగ రోజు తెల్లవారకముందే ఖమ్మంలో బస్సెక్కాను. కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరడానికి మూడున్నర గంటలు పట్టింది. గోదావరి వంతెన దాటగానే టిఫిన్ చేసేయండి, ఆ తర్వాత దారిలో దొరికేది తక్కువ. పద్మ, రాములు ఆటోతో బస్టాండ్‌లోనే ఉన్నారు. రోజంతా కిరాయి ఆరువందలు అనుకున్నాం. రాములు ఆ అడవి ఊళ్ళ ఆదివాసీ, ముప్ఫై ఏళ్ళవాడు, ఇంటికి చిన్నవాడు. కొత్త తెల్లచొక్కా వేసుకున్నాడు. "అమ్మ పొద్దుటి సంది వాకిట్లనే కూసున్నది మేడం. పొద్దు తిరగకముందే పోతం" అన్నాడు. దుమ్ముగూడెం దాకా రోడ్డు ఫరవాలేదు. చర్ల దాటాక అది రోడ్డు కాదు, గుంతలు. ఎన్నికలకు వచ్చే నాయకుల జీపులు ఏ దారిన పోతాయో నాకిప్పటికీ అర్థం కాదు.

అడవి మొదలయ్యేచోట పోలీసులు ఆటో ఆపారు. ఒకాయన లోపలికి వంగి, తుపాకీ పట్టేంత పొడుగున్న ఆ ఆకుపచ్చ సంచి చూశాడు. చూడడంతోనే రాములు మెడ మీద చెయ్యేసి కిందికి లాగాడు.

"ఏందిరా ఆ సంచిల?"

"కెమెరా స్టాండ్ సార్, మేడందీ..."

"మేడం చెప్తది. నువ్వు కూసో."

రాములును మట్టిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. సంచి నాది, కొన్నది నేను, బిల్లు కూడా నా పర్సులో ఉందని చెప్పి తీసి చూపించాను. బ్యాంకు గుర్తింపు కార్డు చూడగానే ఆయన గొంతు మారింది. నాకు నీడలో కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు.

"సంచి నాది సార్. అతనికి ఏం సంబంధం? ముందు లేపండి అతన్ని" అన్నాను.

"మీరు కూర్చోండి మేడం. వీళ్ళ సంగతి మాకు తెలుసు."

ట్రైపాడ్ కాళ్ళు సాగదీశారు, మూశారు, గొట్టాల్లోకి తొంగిచూశారు. బాల్ హెడ్ ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. తర్వాత, పెద్దాఫీసరుతో మాట్లాడాలి, వైర్‌లెస్ సెట్ కలవడం లేదు అన్నారు. పద్మ తన దవాఖానా పేరు చెప్పింది, రాములు ఊరి పేరు చెప్పింది, బతిమాలింది. నేను బతిమాలలేదు, అరిచాను. రెండూ ఒకటే అయ్యాయి. టీ ముట్టుకోలేదు. మూడు గంటలపాటు ఆ మనిషి ఎండలో మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇటు తిరిగి ఒక్కసారి కూడా మమ్మల్ని చూడలేదు. చివరికి, "సరే పోండి" అన్నారు. అంతే. ఎందుకు ఆపారో చెప్పలేదు, పొరపాటైందన్న మాట అసలే లేదు.

ఆటో నడుపుతూ రాములు అన్నది ఒక్కటే మాట: "అమ్మకు చెప్పకుండ్రి మేడం."

ఊరు చేరేసరికి మబ్బు పట్టి, వెలుతురు అడుగంటుతోంది. వాకిట్లో పెద్దావిడ, ఇద్దరు అన్నలు, కోడళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆమె చేతులతో తడిమి రాములు చొక్కా సర్దింది, ప్యాంటుకు అంటిన మట్టి చేతికి తగిలి ఏదో అడిగింది. అతను వాళ్ళ భాషలో జవాబిచ్చాడు. ఆ భాష కొంచెం వచ్చిన పద్మ నా చెవిలో చెప్పింది, "టైరు పంచర్ అయిందంటున్నడు."

మధ్యాహ్నానికి చేరి ఉంటే కెమెరా చేతిలో పట్టుకునే ఫోటో తీసేదాన్ని. ఇప్పుడు ఆ వెలుతురులో షట్టర్ అర సెకను తెరిచి ఉంచాలి, చేతిలో అయితే ఫోటో చెదిరిపోతుంది. ఫ్లాష్ వెలుగు ఆమె కళ్ళు భరించలేవు. ఇంక ట్రైపాడే దిక్కు. కెమెరా బిగించి, కొంచెం కిందికి వంచి, మర తిప్పి నొక్కాను. తెరలో చూస్తే అందరి మొహాలూ పైనుంచి కిందికి అలికినట్టున్నాయి. రెండు చేతులతో మర ఇంకా బిగించాను. అయినా కళ్ళముందే లెన్సు మెల్లగా తలవంచుతోంది, నిద్రొచ్చిన మనిషిలా. ఐదు కిలోలన్నాడు! నా కెమెరా, లెన్సు కలిపి రెండు కిలోలు కూడా లేవు. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆ షాపతను, ఆ పోలీసు ఇద్దరూ నా ముందే నిలబడి నవ్వుతున్నట్టు అనిపించింది.

దాన్ని పీకి పక్కన పడేశాను. రాములును ఆటో వాకిట్లోకి తెమ్మని, సీటు మీద వాళ్ళింటి ఇప్పపువ్వు సంచి పరిచి, అందులోకి కెమెరాను గట్టిగా అదిమాను. టైమర్ పెట్టి, "కదలొద్దు" అన్నాను. పద్మ వాళ్ళ భాషలో చెప్పింది. పెద్దావిడ నడుము నిటారు చేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. మూడో ఫోటోలో అందరి మొహాలూ స్పష్టంగా వచ్చాయి.

మరుసటి వారం బాల్ హెడ్ వెనక్కి ఇవ్వబోతే, "అడవులు పట్టుకు తిరిగితే మేమేం చేస్తాం మేడం" అన్నాడు షాపతను. షాపు నిండా జనం ఉండగానే అతని కౌంటరు మీదే దానికి నా కెమెరా బిగించి, అది తల వాల్చడం అందరికీ చూపించాను. డబ్బు తిరిగిచ్చాడు. అందుకే చెప్తున్నాను: బాల్ హెడ్ కొనేముందు మీ కెమెరాకు మీ దగ్గరున్న అతి బరువైన లెన్సు తగిలించి, ఆ హెడ్ మీద ఏటవాలుగా వంచి బిగించండి. కెమెరా తెరలో గోడ మీది ఒక గుర్తు చూసుకుని, చేతులు తీసేసి కాసేపు ఆగండి. గుర్తు జరిగితే అది వద్దు. సీలు విప్పనన్నవాడి దగ్గర కొననే కొనకండి.

ఫోటో పెద్దది కడిగించి, ఫ్రేము కట్టించి పంపాను. పద్మ ఫోన్ చేసింది. పెద్దావిడ దాన్ని కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని పెద్దవాణ్ణి, నడిపివాణ్ణి, కోడళ్ళనూ గుర్తుపట్టిందట. చిన్నకొడుకు దగ్గర చాలాసేపు ఆగి, "వీడెందుకు గిట్ల ఉన్నడు? పండుగ పూట ఎవరి మీద కోపం?" అని అడిగిందట. రాములు ఏం చెప్పాడని అడిగాను. ఎండ కండ్లల్ల కొట్టింది అన్నాడట. బ్యాంకులో ఆ ఫోటో చూసినవాళ్ళంతా బాగుందంటారు, డ్రైవర్ని కూడా కాస్త నవ్వమనాల్సింది అంటారు. నవ్వమని నేను అడగలేదు. అతని ఆ మొహం చూసి తల దించుకోవాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు ఆ ఫోటోను ఎప్పటికీ చూడరు. ఆ మొహాన్ని నిజంగా చూసింది చూపు పోతున్న తల్లి ఒక్కతే. ఆ సాయంత్రం ఆ వాకిట్లో ఎండ లేదని ఆమెకూ తెలుసు.