ఉల్లిగడ్డలకు పోయిన గొడ్డలి

మందమర్రి అంగడిలో పాత ఇనుప సామాను కుప్ప ముందు బుచ్చన్న వచ్చి గొంతుక్కూర్చున్నాడంటే, అమ్మేవాడికి ఆ పూట బేరం లేనట్టే. ఒక్కో గొడ్డలినీ ఎత్తి, తిప్పి, ఉమ్మి రాసి తుడిచి, వేలితో తడిమి, చివరికి గులకరాయితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. అన్నీ చూసి లేచిపోయేవాడు తప్ప ఒక్కటీ కొనేవాడు కాదు.

"గొడ్డలి కొంటున్నవా కాకా, పిల్లను చూస్తున్నవా?" అనేవాడు అమ్మేవాడు.

పందొమ్మిది వందల అరవై తొమ్మిదో, డెబ్బయ్యో. గోదావరిఖని బావుల్లో ఇంకా మనుషులే తట్టలెత్తి బొగ్గు టబ్బులు నింపుతున్న కాలం. సెలవు దొరికితే చాలు, బుచ్చన్న ఏదో ఒక అంగడిలో తేలేవాడు. శ్రీరాంపూర్‌లో లేకపోతే కమాన్‌పూర్‌లో. జనం గొడ్డళ్ల బుచ్చన్న అని పేరు పెట్టారు. పెట్టరా మరి? అక్షరం ముక్క రాని మనిషి, తుప్పు చూసి ఇనుము పుట్టుక చెప్పేవాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ ఉక్కుకు తుప్పు పలచగా, నల్లగా పడుతుందట. బండి చక్రం పట్టాతో ఊరి కమ్మరి చేసిన దానికి పొరలు పొరలుగా లేస్తుందట. కర్ర కామ దూర్చే కంతలో వేలు పెడితే, ఇనుమును మడిచి అతికిన గీత తగులుతుందట. కొత్తగా కొన్న బాడిసో, తాత నాటి ఉలో పట్టుకొచ్చి అడిగినవాళ్లకు చెప్పేవాడే కానీ, చెబుతున్నంతసేపూ కళ్లు వాళ్ల భుజాల మీదుగా పక్క కుప్ప మీదే ఉండేవి.

అన్నిటికంటే ముందు పట్టేది బావిలో తిరిగిన గొడ్డలిని. అడవిలో గొడ్డలికి పదునువైపే పని. బావిలో వీపుకూ పనే. తల మీది రూఫు కింద దుంగ నిలబెట్టి, పైన సందులో చెక్క చీల పెట్టి, గొడ్డలి తిప్పి వీపుతో దిగగొట్టాలి. ఏళ్ల తరబడి అలా కొడితే వీపు అంచులు నలిగి బయటికి వాలిపోతాయి. అలాంటిది కనబడితే బుచ్చన్న దాన్ని ఒళ్లో పెట్టుకునేవాడు. తనది కాదని తేలాక ఇంకోసారి తిప్పి చూసి కుప్పలో పెట్టేవాడు.

అవును, అతను వెతుకుతున్నది తన గొడ్డలినే. బెల్లంపల్లి బావిలో తండ్రి వాడి, కొడుకు చేతికిచ్చిన సీమ ఉక్కు గొడ్డలి. బుచ్చన్న టింబర్‌మన్. దుంగలు నిలబెట్టడం సగం పనే. బొగ్గెత్తేవాళ్లు లోపలికి పోకముందు గొడ్డలి వీపుతో రూఫును కొట్టి వినడం మిగతా సగం. ఖంగుమంటే గట్టి, బొద్దుమంటే గుల్ల. విని, "మంచిగున్నది" అని అతనొక్కమాట అంటే పదిమంది తలలు వంచి కిందికి పోయేవాళ్లు. ఒకరోజు అలాగే కొట్టాడు, విన్నాడు, మంచిగున్నదన్నాడు. బొగ్గెత్తేవాళ్లలో ఒకడు, యోనా, తట్ట పట్టుకుని ముందడుగు వేశాడు. రూఫు పెళ్ల ఊడి అతని కాలి మీద పడింది.

ప్రాణం దక్కింది. దవాఖానలో మోకాలి కింద కాలు తీసేశారు. తరువాత యోనాకు పైన దీపాల గదిలో కూర్చునే పని ఇచ్చారు.

బుచ్చన్న ఆరోజు ఇంటికొచ్చి గొడ్డలిని మూలకు విసిరి, దాని మొహం చూడలేదు. భార్య సమ్మవ్వకు మాత్రం అటు చూసినప్పుడల్లా గుండె దడ. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిస్తానని గంపతో ఒకడు వాడలోకి వస్తే, పీడ విరగడైందనుకుని ఇచ్చేసింది. ఆ రాత్రి కూర బాగుందని ఇంకోసారి వేయించుకు తిన్నాక, ఆ ఉల్లిగడ్డలు ఎక్కడివో బుచ్చన్నకు తెలిసింది.

అప్పటికే అతని బుర్రను ఒక పురుగు తొలుస్తోంది. తప్పు తన చెవిదా, గొడ్డలిదా? ఉక్కులో వెంట్రుకంత పగులున్నా మోత మారిపోతుంది, గుల్ల కూడా గట్టిగా వినబడవచ్చు. గొడ్డలి పగిలి ఉంటే తను బతికిపోయినట్టు. పగలకపోతే చెవి పోయినట్టు, చెవి పోయినవాడి మాట నమ్మి ఇంకెవరూ రూఫు కిందికి పోకూడదు. ఆ ఒక్క సంగతి తేల్చేది గొడ్డలే. ఇక కాలుగాలిన పిల్లిలా అంగళ్లన్నీ తిరిగాడు. బతిమాలి పైన టింబర్ యార్డుకు మార్పించుకున్నాడు. కూరలో ఉల్లిముక్క కనబడితే ఏరి పక్కన పెట్టేవాడు. సమ్మవ్వ ఏడ్చేది. ఏడిస్తే గొడ్డలి వస్తుందా?

ఒక్క యోనా ఇంటికి మాత్రం పోలేదు. ఊర్లన్నీ తిరిగినవాడు, రెండు వాడల అవతలున్న ఇంటి ముందుకు వస్తే తల తిప్పుకుని నడిచేవాడు. ఆ మొండికాలును చూడటం అతని వల్ల కాలేదు.

ఇలా ఏడాది దాటాక బావి లోపలి పనికి పెద్దయిన సర్దార్ ఎల్లన్న యార్డుకు వచ్చి నిలదీశాడు. "కొత్త పిల్లలకు రూఫు వినుడు తెలుస్తలేదు. వచ్చే సోమవారం కిందికి దిగుతవా, ఈడనే దుంగలు లెక్కవెట్టుకుంట ఉంటవా? ఏదో ఒకటి చెప్పు బుచ్చన్నా."

ఆ ఆదివారమే మళ్లీ మందమర్రికి పోయాడు. కుప్పంతా తిరగేసి లేస్తుంటే అమ్మేవాడికి జాలేసింది.

"ఏం గొడ్డలి కాకా నీది? వీపు నలిగి, కింది మూలకు ఇంత ముక్క లేంది. గదేనా?"

బుచ్చన్న మళ్లీ కూలబడ్డాడు. కింది మూల విరిగిన సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

"గది ఎప్పుడో పోయింది. మీ ఖని దిక్కాయనే కొనుక్కపోయిండు. ఒక్క కాలే, సంకల కర్ర ఉంటది. రాయితోని కొట్టి విన్నడు, నీ లెక్కనే."

ప్యాసింజరు బండిలో జాగా ఉన్నా బుచ్చన్న కూర్చోలేదు. యోనా ఎందుకు కొన్నట్టు? వాడికీ అదే అనుమానమా? గొడ్డలి పగల్లేదని తేల్చుకుని, నీ చెవే నా కాలు తీసిందని పదిమందిలో పెడతాడా? పెట్టనీ, పెడితే తప్పేముంది అనుకున్నాడు. అనుకుంటూనే తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. రామగుండం స్టేషన్‌లో దిగి, ఖని బస్సు కోసం ఆగలేక నడిచాడు.

యోనా ఉండే వాడ మలుపు తిరగకముందే చప్పుడు వినబడింది. ఎవరో పొయ్యిలోకి బొగ్గు పెళ్లలు కొడుతున్నారు. దెబ్బ బొగ్గు మీద పడితే మెత్తగా, తప్పి రాయికి తగిలితే ఖంగుమని. బుచ్చన్న నడివీధిలో నిలబడిపోయాడు. అది తన గొడ్డలి. కళ్లతో చూడక్కర్లేదు. ఆ మోత నిండుగా ఉంది, జీర లేదు, పగులు లేదు. ఏడాదిగా వెతికిన జవాబు దొరికింది, అతను కోరుకున్న జవాబు కాదది.

వాకిట్లో యోనా భార్య సుసన్నా గొడ్డలి తిప్పి పట్టుకుని బొగ్గు కొడుతోంది. బుచ్చన్నను చూసి చెయ్యి ఆపింది. యోనా గడపలో కూర్చుని ఉన్నాడు. కర్ర పక్కన ఉంది.

"దొరికిందా అన్నా?" అన్నాడు యోనా.

"పగుల్లేదురా."

"లేదు. నేను గూడ కొట్టి చూసిన. అందుకే నీకు చూపలే. గొడ్డలి దొరకనంత కాలం, తప్పు దాని మీదికి తోసుకుంటవ్ గదా అనుకున్న."

బుచ్చన్న కళ్లు చెమర్చాయి. కాలు పోగొట్టుకున్నవాడు, అది పోగొట్టినవాడి కోసం గొడ్డలిని దాచాడు. సిగ్గుతో తల దించితే ఎదురుగా ఆ మొండికాలే కనబడింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"అయితే నా చెవే పాడైందిరా యోనా."

"ఎట్ల పాడైతది? వాడకట్టు అవతల్నుంచే గొడ్డలిని గుర్తుపట్టి వస్తివి." యోనా కర్రను దగ్గరికి లాక్కున్నాడు. "ఆ దినం నీ పక్కకే ఉంటిని గదా అన్నా. నేను గూడ విన్న. ఖంగుమన్నది. మంచిగ వినవడ్డదనే అడుగేసిన. నీ మాట విని కాదు. పెళ్ల మందంగుంటే గట్లనే మోసం జేస్తదట, దవాఖానల పండుకున్నప్పుడు ముసలోళ్లు చెప్పిండ్రు."

"మరి ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు వస్తివా? గొడ్డళ్లను అడిగినవ్ గని, నన్ను అడిగినవా?"

బుచ్చన్న గడప ముందు చతికిలబడ్డాడు. సుసన్నా గొడ్డలిని అతని చేతికిచ్చి, "అన్నా, పొయ్యి మీద ఎసరు పెట్టాలె. గొడ్డలి తీస్కపోతే తీస్కపో గని, గీ బొగ్గంత కొట్టిచ్చిపో" అంది. అతను గోచీ బిగించి, అక్కడున్న బొగ్గంతా కొట్టి, ఆ పూట అక్కడే తిన్నాడు. కూరలో ఉల్లిగడ్డలున్నాయి, ఏరలేదు.

సోమవారం ఆ గొడ్డలితోనే బావి దిగాడు. రూఫును ఒకసారి కొట్టి వదిలేవాడు కాదు, నాలుగుచోట్ల కొట్టేవాడు, అనుమానమొస్తే అడ్డంగా ఇంకో దుంగ పెట్టించేవాడు. అయినా పదవీ విరమణ దాకా లోపలి కంగారు పోలేదు. కానీ ఆరోజు నుంచి "మంచిగున్నది" అని ముందుగా తను అనేవాడు కాదు. గొడ్డలి దించి, పక్కనున్నది ఎవరైనా సరే, నిన్న చేరిన పిల్లగాడైనా సరే, వాడివైపు తిరిగి అడిగేవాడు.

"నీకెట్ల వినవడ్డది?"