రాయదుర్గంలో నీట మునిగిన మొక్క

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు ఎవరికైనా మర్యాద చేయాలంటే ముందు చెంబుడు నీళ్ళు ఇచ్చేవాళ్ళం. అంతకన్నా విలువైనది మా దగ్గర ఏముంది గనక? ఆ మర్యాదే నా పెళ్ళి మీదికి తెస్తుందని మాత్రం అనుకోలేదు.

అప్పుడు నేను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేచోట కొత్తగా సూపర్‌వైజరుగా చేరి, ఒక అవ్వ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. మడకశిరలో ఉండే మేనమామ కూతురితో పెళ్ళి కుదిరింది. తాంబూలాలనాడు ఆమె నా చేతికి ఓ చిన్న కుండీ ఇచ్చింది. బెంగళూరులో కొన్నదట. దళసరి ఆకులు పొరలు పొరలుగా విచ్చుకుని, అచ్చం ఆకుపచ్చ గులాబీలా ఉంది. "పెండ్లి దాకా దీన్ని బతికించు బావా. నన్ను గూడా బాగా చూసుకుంటావని అప్పుడు నమ్ముతా" అంది. నవ్వుతూనే అంది గానీ, నేను మాత్రం దాన్ని పరీక్షగానే తీసుకున్నాను.

ఇక పొద్దున లేవగానే నీళ్ళు, పని నుంచి రాగానే నీళ్ళు. కొళాయి రాని రోజుల్లో స్నానం మానేసి మరీ పోశాను (మిషన్ల దగ్గర అందరూ నాకు దూరంగా జరుగుతుంటే, అది నా హోదాకు ఇచ్చే గౌరవమనుకున్నాను). ఆకులు మెత్తబడితే ఎండదెబ్బేమోనని ఇంకో చెంబు పోశాను. ఒక ఆదివారం పొద్దున ముట్టుకుంటే, గులాబీ మొత్తం ఉడికిన వంకాయలా చేతిలోకి ఊడొచ్చింది.

సరిగ్గా ఆ పూటే ఆమె వాళ్ళమ్మను వెంటబెట్టుకుని దిగింది. నేను నోరు విప్పేలోపే అవ్వ అందుకుంది. "ఊర్లో సేండ్లన్నీ నీళ్ళు లేక ఎండిపోతాంటే, ఈయప్ప సెట్టును ముంచి సంపినాడమ్మా!"

ఆమె కుండీ వైపు చూసింది, నా వైపు చూసింది. "అన్ని నీళ్ళు యాడ దొరికినాయి బావా?"

"నా స్నానం నీళ్ళు" అన్నాను.

అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కొంచెం పక్కకు జరిగింది. ఆమె మాత్రం పకపకా నవ్వి, కుళ్ళని ఆకులు కొన్ని ఏరి పొడిమట్టి మీద పరిచింది. "ఇవి మళ్ళా మొలుస్తాయి. నేను చెప్పేదాకా నీళ్ళు ముట్టించొద్దు. నువ్వు మాత్రం దినామూ పోసుకో."

ఏమీ చేయకుండా కూర్చోవడమంత కష్టమైన పని నేను అంతకుముందు చేసి ఎరగను. కుండీ ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆకులు ముడుచుకుపోతుంటే నా ప్రాణం ముడుచుకుపోయేది. చివరికి ఒక ఆకు మొదట్లో వేలిగోరంత గులాబీ తల ఎత్తింది. ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి, ఆమె ఫోను ఎత్తగానే "పుట్టింది!" అని అరిచాను. బూత్ అతను సంబరంగా "మగబిడ్డా, ఆడబిడ్డా అన్నా?" అన్నాడు.

ఇప్పుడు మా ఇద్దరి మిద్దె మీద ఆ గులాబీలు చాలానే ఉన్నాయి. వాటి పక్కన కూర్చున్నప్పుడల్లా, ఫోను చెవికి అంటించుకుని, అవతల ఆమె నవ్వు వింటూ ఆ బూత్‌లో నిలబడ్డ అప్పటి నాలోని కుర్రాడు గుర్తొస్తాడు. తెలివి కాస్త తక్కువే గానీ, మంచివాడే పాపం.