లోకల్ జీపులో పెళ్లిచీర

మా చర్చిలో పెళ్లికూతురి తెల్లచీర మగపెళ్లివాళ్లే తీసుకెళ్లాలి. తమ్ముడి పెళ్లి బళ్లారి దగ్గర రూపనగుడిలో. మావాళ్లంతా ముందు రోజే వెళ్లారు. చీర అంచు కుట్టడం ఆలస్యమై, దాన్ని తెచ్చే పని నా మీద పడింది. నేనుండగా ఆ చీరకి ఏ మచ్చా పడదని అందరికీ గట్టిగా చెప్పేశాను.

పొద్దున్నే గుంతకల్లులో రైలెక్కితే టిఫిన్ వేళకి బళ్లారి. అక్కడ జీపు మాట్లాడుకున్నాను. ఇనుప ఖనిజం తవ్వకాలు జోరు మీదున్న రోజులవి, జీపులవాళ్లు నోటికొచ్చిన ధర చెప్పేవారు. బేరమాడితే సగానికి దిగుతారు. మా డ్రైవర్ హనుమంతప్ప అద్దం మీద ‘లోకల్’ అని అంటించుకున్నాడు. ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, అన్నిట్లోనూ ఆ మాట ఒకటేనట. బళ్లారిలో మాత్రం దాని పని వేరు. ఖనిజం లారీల దుమ్ముకి విసిగిన ఊళ్లవాళ్లు రోడ్డుకి అడ్డం కూర్చుంటే, ఆ కాగితం ఉన్న బండికే దారి.

సగం దూరంలో నిజంగానే ఆపారు. ఒక పెద్దావిడ వచ్చి యాడికని అడిగింది. లోకలని చెప్పమని హనుమంతప్ప సైగ చేశాడు. పెళ్లిచీర ఒళ్లో పెట్టుకుని అబద్ధమాడటం నాకు నచ్చలేదు.

“మేం లోకల్ కాదమ్మా, గుంతకల్లు నుంచి వస్తాండాం. ఇది పెళ్లికూతురి తెల్లచీర, ఆ పిల్లది రూపనగుడే.”

ఆవిడ నా ఒళ్లోని చీర మూట వంక చూసింది. “ఈ దుమ్ములో తెల్లచీర యాడ నిలుస్తాది?” అని వెనక్కి తిరిగి, “తిమ్మప్పా, ట్యాంకరు ముందర పోనీ. దోవ తడుపుకుంటా బేగ పో,” అంది.

ట్యాంకరు కట్టిన ట్రాక్టరు ముందు నీళ్లు చల్లుతూ పోయింది, వెనకే మేము. అవి ఎండలో కూర్చున్న ఆ మనుషులు తాగడానికి తెచ్చుకున్న నీళ్లని హనుమంతప్ప చెప్పాడు. నాకు సిగ్గేసింది. చీర మాత్రం మల్లెపువ్వులా చేరింది.

జరిగింది విన్న పెళ్లికూతురు సలోమి చీర ముట్టుకోలేదు. “ముందు ట్యాంకరు నింపి పంపు నాయినా. వాళ్లు దప్పికతో ఉంటే నేనెట్లా కట్టుకుందును?” అని వాళ్ల నాన్నతో అంది. పాస్టరుగారు గడియారం చూస్తూనే ఉన్నారు, ఆరాధన ఆలస్యమైంది. ట్యాంకరు తిరిగి బయలుదేరాకే ఆ పిల్ల చీర మడత విప్పింది.

ఒక ఊరిదాన్ని కావాలంటే అక్కడ పుట్టాలనుకునేదాన్ని. ఆ ఊరి దాహం మనకి పట్టాలని ఆ రోజు తెలిసింది. మా ఇంటికి ఎలాంటి కోడలు వస్తోందో కూడా తెలిసింది, గర్వంగా అనిపించింది.

మీరు ఆ దారిన వెళ్తే తెల్లబట్టలు రేకుపెట్టెలో సర్దుకోండి. నీళ్లు రెండు క్యాన్లు పెట్టుకోండి, ఒకటి మీ కోసం కాదు.