మా మామగారి రివాల్వరు, నా ముఖం

పెన్షనుదార్లకి ఈ మధ్య ఒక కొత్త ముచ్చట వచ్చింది, నా ఈడువాళ్ళలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. ఏడాదికోసారి మనం ఇంకా బతికే ఉన్నామని సర్కారుకి విన్నవించుకోవడానికి పూర్వంలా ట్రెజరీ ఆఫీసు వరండాలో పడిగాపులు పడనక్కర్లేదు, ఇంట్లోనే కూర్చుని ఫోనుకి ముఖం చూపించి కళ్ళు ఆర్పితే చాలునట. మొన్న మా మనవరాలు నన్ను వీధి అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టి, ఇటు చూడు తాతయ్యా, కొంచెం పైకి, కొంచెం పక్కకి అంటూ నానా తంటాలూ పడింది. నాకు ఎడమ కన్ను లేదు, ఆ చోట కుట్టేసిన చర్మం ఉంది. ఎడమ చెంప అనేది తొడ మీంచి తీసి అతికించిన ముక్క, ముక్కు దాని ఇష్టం వచ్చిన వైపుకి తిరిగి ఉంటుంది. ఆ ఫోను చాలాసేపు వెతికి వెతికి, ఎదురుగా మనిషి ముఖమేదీ కనబడటం లేదని తేల్చిపారేసింది. పిల్ల నొచ్చుకుని ఫోను దాచేసింది గాని, నేను కడుపుబ్బ నవ్వాను. నన్ను మనిషి కింద జమకట్టని వాళ్ళతో కాపురం చేసివచ్చినవాణ్ణి, యంత్రం మాటకి ఉలుకుతానా?

నేను ఇల్లరికపుటల్లుణ్ణి. తణుకు దగ్గర పల్లెలో పెద్ద కమతం గల మా మామగారికి ఒక్కతే కూతురు, నాకేమో బి.ఎ. డిగ్రీ తప్ప సెంటు భూమి లేదు. చెయ్యెత్తకుండా, గొంతు పెంచకుండా, గారూ అండీ ఒక్కటీ తగ్గించకుండా మనిషిని ఎలా చంపవచ్చునో మా గోదావరి వాళ్ళకి తెలిసినంతగా మరొకరికి తెలియదు, అందులో మా మామగారు ఆరితేరినవారు. నిండు పంక్తిలో, పదిమంది చుట్టాల మధ్య, "అల్లుడుగారి విస్తట్లో నెయ్యి మరికాస్త వెయ్యండి, పాపం వాళ్ళింట్లో పండక్కే కదండీ చూసేవారు," అనేవారు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వి నెయ్యి వేయించుకునేవాణ్ణి. అన్నం తింటూ ఎంత అవమానం మింగవచ్చునో నాకు తెలిసినట్టు మీకు తెలియకూడదనే కోరుకుంటాను.

ఆ రోజుల్లో ఆయన వరి, చెరకు చాలక అడవి మీద కన్ను వేసి, రంపచోడవరం అవతల కొండల్లో వెదురు కూపు వేలంలో పాడుకున్నారు. కూపు అంటే వెదురు నరుక్కోవడానికి సర్కారు విడిచిన అడవి ముక్క. దాని మీద అజమాయిషీకి నన్ను పంపారు, కొండ కింద గుడిసెలో నా మకాం. ఆ కొండల్లో పులికన్నా ఎలుగుబంటికే అందరూ భయపడేవారు, ఎందుకంటే పులి మనిషిని చూసి తప్పుకుంటుంది, ఎలుగు మాత్రం లేచి నిలబడి నేరుగా ముఖం మీదికే వస్తుంది. మొదటి ఏడే ఒక కూలీ చెయ్యి పోయింది. అప్పుడు తుపాకీ కావాలని నేనే అడిగాను. అడిగింది నేను, అడవిలో ఉండేది నేను, పోతే పోయేది నా ప్రాణం, ఎంపిక చేసేది మాత్రం మామగారు.

లైసెన్సు ఆయన పేరున వచ్చాక, రాజమండ్రిలో తుపాకుల కొట్టుకి ఆయన వెంట నేనూ వెళ్ళాను. కొట్టతను పెద్దమనిషే, ఎలుగుబంటికని చెప్పగానే జంట గొట్టాల తుపాకీ తీసి బల్ల మీద పెట్టి, గురి కాస్త తప్పినా ఇది కాపాడుతుందండి అన్నాడు. మామగారు దాన్ని ముట్టుకోనైనా లేదు. అది భుజాన వేసుకుంటే బ్యాంకు ముందు నిలబడే కాపలావాడిలా ఉంటుందని, తమ వంశంలో ఎవరూ వాకిట్లో నిలబడే ఉద్యోగం చెయ్యలేదని, నడుమున పెట్టుకునేది చూపించమని సెలవిచ్చారు. కొట్టతను ఏ ఎండకా గొడుగు పట్టగలవాడు, ఆ క్షణం నుంచీ చిన్న తుపాకులనే పొగడటం మొదలుపెట్టాడు. ముందు ఒక పిస్తోలు చూపించాడు, అది పలచగా ఉండి లాల్చీ కింద కనబడటం లేదని మామగారికి నచ్చలేదు. తర్వాత సీమ సరుకట, దంతపు పిడి ఉన్న పాత రివాల్వరు తీశాడు. మామగారు అద్దం ముందు నిలబడి, కుడివైపొకసారి ఎడమవైపొకసారి పెట్టుకుని, కండువా సవరించుకుని, వడ్డాణం బేరమాడే పెళ్ళివారి ఆడపడుచులా అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. అందులో పట్టే గుండు చిటికెన వేలి కొసంత ఉంది, అది తగిలితే ఎలుగుబంటికి కోపం రావడం తప్ప మరేమీ కాదని నాబోటివాడికే అర్థమయింది. ఆ మాటే కాస్త మెత్తగా చెప్పాను. ఆయన నా వైపు తిరగకుండా అద్దంలోంచే చూసి, "అల్లుడుగారు భయపడుతున్నారండీ, ఆయనకి కాసిని మంచినీళ్ళిప్పించండి," అన్నారు. కొట్టతను నిజంగానే నీళ్ళు తెప్పించాడు, నేను తాగాను.

లైసెన్సు ఆయన పేరున ఉంది కనుక రివాల్వరు మరొకరు పట్టుకోకూడదు. అంచేత ఎలుగుబంట్లున్న కొండల్లో నేనూ, ఎలుగుబంటి మచ్చుకైనా లేని తణుకు పెళ్ళిపందిళ్ళలో రివాల్వరూ ఉండిపోయాం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి ఇందులో తప్పేముందో చెప్పబోవడం నా నోటిదూల అవుతుంది.

ఆ ఏడు దసరాకి మా అత్తగారు ఆయుధపూజ ఘనంగా చేశారు. అంతకుముందు ఆ ఇంట్లో పూజకి కత్తిపీటలూ కొడవళ్ళూ నాగళ్ళే ఉండేవి, రివాల్వరు రావడంతో ఆవిడ భక్తి పట్టపగ్గాల్లేకుండా పోయింది. దానికి ముద్దపసుపు పట్టించి, గంధం పూసి, గుండ్లుండే చక్రానికి చుట్టూ కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు ధారగా దాని మీదే పోశారు. పూజయ్యాక తుడిచి నూనె రాస్తానన్నాను. అమ్మవారి బొట్టు తుడవడమేమిటని అత్తగారు చెవులు మూసుకున్నారు. మామగారైతే, బొట్టు తుడవాలని అల్లుడుగారికి అంత తొందరగా ఉందా, నేనింకా బతికే ఉన్నానండీ అన్నారు. ఆ మాటకి ముత్తయిదువలందరూ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. రివాల్వరుని ఎర్రగుడ్డలో చుట్టి పూజగదిలో పెట్టేశారు, పసుపూ గంధమూ కొబ్బరినీళ్ళూ దాని సందుల్లో దిగి పిడచకట్టుకుపోయాయి.

కార్తీకమాసంలో బంధువులందరినీ కూపు దగ్గరికే వనభోజనాలకి తీసుకొచ్చారు మామగారు. బస్సు నిండా జనం, గుండిగలు, అరిటాకుల కట్టలు, నా భార్య కూడా వచ్చింది. ఉసిరి చెట్టు కింద వంటలవుతుండగా, దగ్గర్లోనే బండల గుట్టలో ఎలుగుబంటి మసులుతోందని కూలీల మేస్త్రీ చెప్పాడు. మామూలుగా అయితే కూలీలు రేకుడబ్బాలు వాయించి, కేకలు పెట్టి దాన్ని దూరంగా పంపించేవారు. ఆ రోజు మామగారు డబ్బాలు కింద పెట్టించేశారు, చప్పుడు చేస్తే అది పారిపోతుందనీ, చుట్టాలు ఇంత దూరం వచ్చింది చెట్లు చూడటానికి కాదనీ అన్నారు. ఎర్రగుడ్డ విప్పి రివాల్వరు నడుమున పెట్టుకుని, అందరికీ వినబడేలా నాతో అన్నారు: "మీరీ అడవికి పాతకాపులు కదండీ అల్లుడుగారూ, కాస్త ముందు నడిచి దాన్ని బయటికి రప్పించండి. వెనకాల నేనున్నాను కదా, మీకేం భయం లేదండి."

కోడిపందేనికి పుంజుని వదిలేటప్పుడు కూడా దాని మెడ నిమిరి వదులుతారు. నన్ను ఊరికే వదిలారు. కాదంటే పిరికివాణ్ణి, అవునంటే ఎర, చుట్టాల ముందు నేను ఎరగా ఉండటానికే ఒప్పుకున్నాను. బండ దగ్గరికి వెళ్ళేసరికి వీపు మీద పిల్లతో తల్లి ఎలుగు బయటికి వచ్చి, పిల్లని విదిలించుకుని లేచి నిలబడింది. నేను వెనక్కి చూశాను. మామగారు రివాల్వరుని రెండు చేతులా పట్టుకుని, బిగుసుకుపోయిన జాడీ మూత తీస్తున్నవాడిలా మెలిపెడుతున్నారు, చక్రం తిరగడం లేదు, మీట కదలడం లేదు, పసుపు పెళ్ళలు మాత్రం రాలుతున్నాయి. నా రెండు కళ్ళతో నేను చూసిన ఆఖరి దృశ్యం అదే. తర్వాత నా ముఖం మీద ఒక బరువు, వేడి ఊపిరి, నా ఎముకలు నా చెవికే వినబడటం. మామగారు రివాల్వరు పారేసి, వేసిన విస్తళ్ళ మీంచి తొక్కుకుంటూ బస్సు వైపు పరుగెత్తారట. గొడ్డళ్ళతో, కేకలతో వచ్చి నన్ను విడిపించినవాళ్ళు కూలీలు.

రాజమండ్రి ఆసుపత్రిలో నా ముఖానికి కుట్లు పడుతుంటే, వరండాలో మామగారు చెప్పిన కథ వేరు. గురి పెట్టేశాననీ, సరిగ్గా మీట నొక్కబోయేసరికి అల్లుడుగారు అడ్డొచ్చారనీ, లేకపోతే ఆ ఎలుగు చర్మం ఇంటి గోడకి వేలాడేదనీ ఆయన చెబుతుంటే పరామర్శకి వచ్చినవాళ్ళు తలలూపారు. పసుపు మాట ఎవరెత్తుతారు? ఎత్తితే తప్పు అత్తగారి మీదికి, ఆవిణ్ణి దాటి అమ్మవారి మీదికి పోతుంది. నేను అడ్డొచ్చానంటే అందరికీ సుఖం. నేను గుడ్డల చుట్టలో మాటలేకుండా పడి ఉన్నాను. అప్పుడు నా భార్య, పెళ్ళయ్యాక తండ్రికి ఎదురు చెప్పి ఎరగనిది, గుమ్మంలోకి వచ్చి, "నేను చూశాను నాన్నగారూ," అంది. మళ్ళీ ఆ ఇంటి గడప మేము తొక్కలేదు. గాయాలు ఆరాక నాకు ధవళేశ్వరం ఇరిగేషను ఆఫీసులో గుమాస్తా పని దొరికింది, జనం ముఖం చూడనక్కర్లేని వెనక గదిలో బల్ల ఇచ్చారు.

చాలా ఏళ్ళకి, అత్తగారు పోయి, కూపుల్లోనే కమతం కరిగిపోయి, పక్షవాతంతో మంచాన పడిన మామగారిని చూసేవాళ్ళు లేక మా రెండు గదుల క్వార్టర్సుకే చుట్టాలు తీసుకొచ్చి దింపారు. ఇప్పుడాయన అల్లుడింట్లో ఇల్లరికం. నేనాయన్ని ఒక్క మాట అనలేదు. నేనే లేపి కూర్చోబెట్టి, నేనే తినిపించేవాణ్ణి, పీట ఆయనకి ఎదురుగా, కిటికీ వెలుగు నా ఎడమ చెంప మీద పడేలా వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని నోరు తెరిచేవారు. "కళ్ళు తెరిచి తినండి మామగారూ, చేపలో ముళ్ళుంటాయండి," అనేవాణ్ణి ఎంతో మర్యాదగా. ఒకసారి నా భార్య వచ్చి పీట పక్కకి జరిపింది, నేను మళ్ళీ యథాస్థానానికి జరుపుకున్నాను. ఇక చాలండి అంది. నేనేం చేశానని అడిగాను. అన్నం పెట్టడం తప్ప నేనేమీ చెయ్యడం లేదు కదా. ఆ మనిషి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మామగారు చివరిదాకా కళ్ళు మూసుకునే తిన్నారు, అలాగే పోయారు. పోయాక రెప్పలు మూయవలసిన శ్రమ కూడా ఎవరికీ పెట్టలేదు.

ఇప్పుడు ఆ కొండల్లోకి తారురోడ్డు పడింది, ఆదివారాలు కార్లలో వెళ్ళి బొంగులో కోడి కాల్పించుకు తిని, ఫొటోలు దిగి చీకటి పడకుండా వచ్చేస్తున్నారు. నా ముఖం లాంటి ముఖాలని ఈ కాలపు డాక్టర్లు మనిషి ముఖాల్లాగే దిద్దగలరట. జనం కూడా పూర్వంకన్నా మంచివాళ్ళయ్యారు. బస్సెక్కితే లేచి సీటిస్తారు, పాపం పెద్దాయనకి ఏమైందో అని చెవులు కొరుక్కుంటారు, పసిపిల్లలు ఏడిస్తే తల్లులు నాకు క్షమాపణ చెబుతారు. అందరిదీ జాలే. ఈ ముఖం ఇలా ఎందుకయిందో తెలిసి, తెలిసినందుకు దీన్ని చూడలేక కళ్ళు మూసుకున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉండేవారు. నిజం చెబుతున్నాను, భోజనాల వేళకి మా మామగారు లేని లోటు నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.